స్లోలో పెడితే వణికే ఓమ్నీ

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మా వైపు. మా మావయ్య మాత్రం కదిలాడు. అదీ 1999 మోడల్ మారుతీ ఓమ్నీ వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వెనకాల అత్తని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని.

కొత్తపేట నుంచి జగ్గన్నతోట ఎంతో దూరం కాదు. కనుమ రోజు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న ఆ కొబ్బరితోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు 11 భుజాల మీద వచ్చి అక్కడ చేరతాయి. రంగురంగుల ప్రభని ఎత్తి పట్టుకుని కుర్రాళ్లు కౌశిక నీళ్లలోంచి దాటించడం మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. రీల్స్‌లో కనపడనిది ఒకటుంది. ఆ వెనకాల వరసగా ఆగిపోయిన బళ్లు.

ఆ వరసలో మేమూ ఉన్నాం. కదిలితే పది అడుగులు, ఆగితే పది నిమిషాలు. ఆగిన ప్రతిసారీ బండి వణికేది. మామూలు వణుకు కాదు, చలిజ్వరం వచ్చిన మనిషి పళ్లు కొట్టుకున్నట్టు. డాష్‌బోర్డు మీదున్న వినాయకుడి బొమ్మ దానంతట అదే తిరిగి మాకు వీపు చూపించేది. రెండు సార్లు ఊగి, టుప్పుమని ఆగిపోయేది. అలా ఆరోసారి ఆగినప్పుడు అత్త, "నే చెప్పానా, కనుమ నాడు వద్దని" అంది. మావయ్య ఏం మాట్లాడలేదు.

తీర్థం చూశాం, జీళ్లు కొన్నాం. అసలు భయం తిరుగు ప్రయాణంలో పట్టుకుంది. కాలువ గట్టు రోడ్డు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరి చేను, మధ్యలో ఒకటిన్నర బండి పట్టేంత తారు. వంపు దగ్గర మావయ్య స్పీడు తగ్గించాడు, క్లచ్ నొక్కాడు, ఇంజిన్ ఆగిపోయింది. బండి మాత్రం ఆగలేదు, దొర్లుతూనే ఉంది. ఎదురుగా చెరుకుగడ పట్టుకుని ఓ ఏడెనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటుతోంది. మావయ్య బ్రేక్ మీద నిలబడ్డాడు. నిజంగానే సీట్లోంచి లేచి నిలబడ్డాడు. పెడలు రాయిలా ఉంది, దిగట్లేదు. హ్యాండ్‌బ్రేక్ నేను లాగాను. పిల్లకీ మాకూ మధ్య ఓ బారెడు దూరం మిగిలింది. ఆ పిల్ల మావైపు ఓసారి చూసి, చెరుకు నములుకుంటూ వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక మావయ్య తాళాలు బల్ల మీద పెట్టి, "అయిపోయిందిరా అల్లుడూ దీని పని. తుక్కోడికి ఇచ్చేద్దాం" అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయనకి ఇంకో కారణం కూడా ఉంది. పండక్కి రెండు వారాల ముందు ఒక గ్యారేజీలో చూపిస్తే, "బోరు పోయిందండి, ఇంజిన్ పని చెయ్యాలి, 28 వేలవుతుంది" అన్నారట. దానికి తోడు కాగితాల ఖర్చు. ప్రైవేటు కారుకి 15 ఏళ్లు దాటితే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి కదా, ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కి పెరిగింది. పాత బండి ఉంచుకోవడమంటే ఇప్పుడు సరదా కాదు, లెక్క.

కానీ ఆ బండి మా ఇంట్లో లెక్క కాదు. మావయ్య దాంట్లో కొబ్బరికాయలు మోశాడు, పెళ్లికూతుళ్లని మోశాడు, అర్ధరాత్రి మా అమ్మమ్మని అమలాపురం ఆసుపత్రికి మోశాడు. నేను గేరు వెయ్యడం నేర్చుకుంది దాంట్లోనే. మీ వయసు వాళ్లకి ఓమ్నీ అంటే తెలుగు సినిమాల్లో కిడ్నాప్ బండి. స్లైడింగ్ డోర్ సర్రున తెరుచుకుంటుంది, హీరోయిన్ లోపల పడుతుంది, అంతే. గోదావరి జిల్లాల్లో మాత్రం అది స్కూలు బండి, క్యాటరింగ్ బండి, గుడికెళ్లే బండి. 1984లో మారుతీ వ్యాన్ పేరుతో వచ్చింది, 1988లో ఓమ్నీ అయ్యింది, 2019లో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. అప్పటి మారుతీ 800లో ఉన్న ఇంజినే. కాకపోతే ఇందులో అది ముందు సీటు కింద ఉంటుంది. ఎండాకాలం డ్రైవరు కింద కుంపటి పెట్టుకుని కూర్చున్నట్టే.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మెకానికల్ కాదు. కానీ ఒక విషయం నాకు మింగుడు పడలేదు. బోరు పోయిన ఇంజిన్ స్పీడులో కూడా ఏడవాలి. నీలం పొగ రావాలి, ఆయిల్ తాగాలి. మా బండి స్పీడులో హాయిగా పరిగెడుతోంది. ఆగితేనే రోగం. మా ఆఫీసులో ఇలాంటి బగ్ వస్తే, లోడ్ ఎక్కువున్నప్పుడు బాగుండి, తక్కువున్నప్పుడు క్రాష్ అయితే, సర్వర్ మార్చమని ఎవరూ అనరు.

ఇక్కడ నా తెలివి గురించి కూడా చెప్పాలి. మొదట పెట్రోల్ మీద అనుమానపడ్డాను. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఈ కార్బురేటర్ పుట్టినప్పుడు అలాంటిది లేదు. తర్వాత కొత్త ప్లగ్గులు వేశాను. తేడా లేదు. ఆ తర్వాత యూట్యూబ్‌లో చూసి, కార్బురేటర్ క్లీనర్ డబ్బా కొని, ఇంజిన్ ఆన్‌లో ఉండగా పైపుల మీద కొట్టడం మొదలుపెట్టాను. లీకు ఉన్నచోట కొడితే ఇంజిన్ శబ్దం మారుతుందని వీడియోలో చెప్పారు. నిజమే, మారుతుంది. కానీ ఆ వీడియోలో ఇంజిన్ బానెట్ కింద, బయట గాలిలో ఉంది. మా ఇంజిన్ సీటు కింద, క్యాబిన్ లోపల. వేడి ఎగ్జాస్టు పక్కనే మండే ఆవిరి నింపుతున్నానని నాకు తట్టలేదు. అత్త వాసన చూసి పరిగెత్తుకొచ్చి డబ్బా లాక్కుంది. "చదువుకున్నోడివి కదరా" అంది. దయచేసి మీరు ఆ పని చెయ్యకండి.

ముక్కనుమ దాటాక మావయ్యని బతిమాలాను. ఒక్కసారి రాజోలు తీసుకెళ్దాం, అక్కడ ఓమ్నీలు మాత్రమే చేసే పెద్దాయన ఒకరున్నారని విన్నాను, ఆయన కూడా బోరే అంటే తుక్కే. బాగుపడితే అంతర్వేది వెళ్లి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నరసాపురంలో వదిన వాళ్లింటికి వెళ్దాం. మావయ్య కాసేపు ఆలోచించి, "పంటు మీదకి ఈ బ్రేకులతోనా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది.

పొద్దున్నే బయల్దేరాం. పలివెల దాటి, అంబాజీపేట వచ్చేసరికి కొబ్బరి వాసన. రాష్ట్రంలో కొబ్బరి ధర ఎంతో తెలియాలంటే ఈ ఊరి మార్కెట్ అడగాలి. రోడ్డు పక్కన గుట్టలు, లారీల్లోకి కాయలు విసిరే కూలీల చేతులు, ఒకరు విసిరితే ఒకరు పట్టుకోవడం, ఒక్క కాయ కింద పడదు. లారీ వెనక్కి వస్తుంటే మేం ఆగాం, బండి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాం. ఇక మావయ్య ఓ ఉపాయం కనిపెట్టాడు. ఆగినప్పుడల్లా బ్రేకు మీద ఒక పాదం మడమ, యాక్సిలరేటర్ మీద అదే పాదం వేళ్లు. పాతికేళ్ల అనుభవం. చూస్తే ముచ్చటేసింది, భయమూ వేసింది.

అమలాపురంలో అత్తని వాళ్ల చెల్లెలింట్లో దింపి, 216 హైవే ఎక్కాం. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటుతుంటే బండి కొత్త పెళ్లికొడుకులా పోతోంది. గాలి, ఎండ, కింద నీళ్లలో పడవలు. "చూడు, ఇప్పుడేం రోగం లేదు" అన్నాడు మావయ్య, బండిని తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో తెలీదు.

వంతెన దిగితే పాశర్లపూడి. అక్కడ మావయ్య ఎప్పుడూ స్పీడు కొంచెం తగ్గిస్తాడు. 1995 జనవరి 8న అక్కడి గ్యాస్ బావి పేలి మంటలెగిశాయి. 65 రోజులు ఆరలేదు. "రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేదిరా, కోళ్లకి పొద్దెప్పుడో తెలిసేది కాదు" అంటాడు మావయ్య. ఇంకాస్త ముందుకెళ్తే నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైను లీకై, అంటుకుని, 20 మందికి పైగా చనిపోయిన ఊరు. పచ్చటి కొబ్బరాకుల కింద ఏం పోతోందో ఈ సీమ జనానికి తెలుసు. లీకు అనే మాట ఇక్కడ ఎవరూ తేలిగ్గా వాడరు.

తాటిపాక సెంటరు దాటి, రాజోలు వచ్చేసరికి పది. షెడ్డు అంటే షెడ్డే. రెండు కొబ్బరి మానుల మీద రేకు, కింద నల్లటి నేల, మూడు ఓమ్నీలు, ఒక దాని లోపల నిద్రపోతున్న కుక్క. పెద్దాయనకి అరవై దాటుంటాయి. గళ్ల లుంగీ, చెవిలో బీడీ. బండి ఆగుతూనే, మేం ఏం చెప్పకముందే, చెయ్యెత్తి "ఆపొద్దండి, అలా ఉంచండి" అన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు.

"బోరు పోయిందన్నారండి" అన్నాడు మావయ్య.

"ఎవరండీ అన్నది?"

మావయ్య చెప్పలేదు. ఆయన కూడా మళ్లీ అడగలేదు. "సోకు లాగండి బాబూ, కొంచెం" అన్నాడు నాతో. చోక్ నాబ్ ఓ అంగుళం లాగాను. వణుకు తగ్గింది. ఇంజిన్ ఊపిరి తీసుకున్నట్టు సర్దుకుంది. నేను ఇన్నాళ్లూ ఆ బండి తోలాను, ఆ ప్రయోగం నాకు తట్టలేదు. చోక్ చేసే పనల్లా గాలి తగ్గించి పెట్రోల్ పాళ్లు పెంచడం. పెట్రోల్ పెంచితే బాగుపడిందంటే, ఇంతసేపూ దానికి గాలి ఎక్కువైందన్నమాట.

"గాలి లాగేస్తందండి ఎక్కడో. దొంగగాలి" అన్నాడు పెద్దాయన.

అయినా ఆయన బోరు సంగతి వదల్లేదు. మావయ్య మనసులోంచి అది పోవాలి కదా. ఇంజిన్ ఆపి, మూడు ప్లగ్గులూ విప్పాడు. చూపించాడు, మూడింటి కొసలూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పెట్రోల్ చాలక, గాలి ఎక్కువై కాలితే అలా అవుతాయి. సరిగ్గా కాలితే బిస్కెట్ రంగు. తర్వాత ప్లగ్గు కన్నం మీద బొటనవేలు గట్టిగా పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. ఫట్, ఫట్ మని వేలు ఎగిరిపోయింది. మూడింటికీ అంతే. "ఏలు నిలబడలేదు సూడండి. మూడూ సమానంగా తంతన్నాయి. దీనికి బోరేటండి, ఇంకో లక్ష కిలోమీటర్లు తిరుగుద్ది." మావయ్య ఆ వేలి వంక అలాగే చూస్తుండిపోయాడు.

అప్పుడు ఆయన షెడ్డు వెనక్కి వెళ్లి, బొప్పాయి ఆకు ఒకటి విరుచుకొచ్చాడు. ఆకు చింపేసి, బారెడు కాడ ఉంచాడు. బోలుగా ఉంటుంది కదా. ఒక కొస చెవిలో, ఇంకో కొస ఇంజిన్‌లో. చిన్నప్పుడు మేం దాంతో నీళ్లు పీల్చేవాళ్లం, సబ్బు బుడగలు ఊదేవాళ్లం. డాక్టరు స్టెతస్కోపులా వాడొచ్చని తెలీదు. రబ్బరు పైపు ముక్క వాడొచ్చు కదా అన్నాను. "రబ్బరైతే ఫ్యాను బెల్టులో పడి సెవి లాగేత్తాదండి. ఇదైతే తెగి ఊరుకుంటాది." ఆ సమాధానానికి నా దగ్గర ఇంక ప్రశ్న లేదు.

నా చేతికి ఇచ్చాడు, నేనూ విన్నాను. ముందు అంతా గోల. కాడ కొస మెల్లగా జరుపుతూ పోతే, కుడి పక్కకి వచ్చేసరికి సన్నటి ఈల. కొబ్బరాకు బూర దూరంగా ఎవరో ఊదినట్టు. అది మానిఫోల్డు నుంచి బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే పైపు. పెద్దాయన దాని మీద గుడ్డ చుట్టి, పటకారుతో నొక్కి పట్టాడు. ఈల ఆగింది. ఇంజిన్ వెంటనే నిమ్మళించింది. పటకారు వదిలాడు, మళ్లీ వణుకు. నొక్కాడు, ఆగింది. మూడుసార్లు చేసి చూపించాడు, మావయ్య కోసం.

దొంగగాలి కథేంటంటే. ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు కార్బురేటర్‌లో తలుపు దాదాపు మూసే ఉంటుంది. కింద పిస్టన్లు మాత్రం గాలి లాగుతూనే ఉంటాయి. తలుపు మూసి లాగితే లోపల ఖాళీ పుడుతుంది, దాన్నే వాక్యూమ్ అంటాం. కార్బురేటర్ తన గుండా వెళ్లే గాలికి సరిపడా పెట్రోల్ కొలిచి ఇస్తుంది. దాని అవతల ఎక్కడో చీలిక ఉంటే, కొలతకి అందని గాలి లోపలికి దూరుతుంది. పెట్రోల్ చాలదు, మంట సరిగ్గా అంటుకోదు, వణుకు. స్పీడులో వెళ్లేటప్పుడు తలుపు తెరుచుకుని బోలెడు గాలి అసలు దారినే వస్తుంది, లోపల ఖాళీ కూడా తగ్గుతుంది, ఆ చీలిక గాలి లెక్కలోకి రాదు. అందుకే వంతెన మీద పెళ్లికొడుకు, అంబాజీపేటలో చలిజ్వరం.

ఇదే సంగతి పెద్దాయన ఒక్క ముక్కలో చెప్పాడు. "శంకరగుప్తం డ్రైన్లోకి పోటుకి ఉప్పునీరు ఎక్కినట్టేనండి. మనం పంపింది కాదు, అదే ఎక్కేత్తాది."

మరి బ్రేకు? ఈ పైపే బ్రేకుకి బలం. బూస్టర్ అంటే ఒక డబ్బా, మధ్యలో రబ్బరు పొర. ఇంజిన్ వాక్యూమ్ ఆ పొరని లాగి మన కాలికి సాయం చేస్తుంది. పైపు చిల్లయితే ఆ సాయం ఉండదు. బ్రేకులు పోవు, కానీ మన కాలి బలం ఒక్కటే మిగులుతుంది. కాలువ గట్టు మీద మావయ్య నిలబడ్డది అందుకే. మేం ఇన్నాళ్లూ రెండు రోగాలనుకున్నది ఒకటే రోగం. ఇది మీ ఇంట్లో కారుకైనా చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, బ్రేకు నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టి స్టార్ట్ చెయ్యండి. పెడలు కొంచెం కిందికి జారాలి. జారకపోతే మెకానిక్ దగ్గరికెళ్లాల్సిన పనుంది.

పైపు విప్పాక తెలిసింది. క్లిప్పు కింద, కంటికి కనపడని వైపు, వేలెడు చీలిక. పాతికేళ్ల రబ్బరు, సీటు కింద వేడి. వంచితే పటుక్కుమంది. చివర కోసేసి మళ్లీ బిగిద్దామా అన్నాడు మావయ్య. "ఈ రోజుకి నడుత్తాదండి. పిల్లల్ని ఎక్కించుకుంటారా? అయితే వద్దు." తాటిపాక పంపించి కొత్తది తెప్పించాడు. కుర్రాడు ముందు మామూలు నీళ్ల పైపు తెచ్చాడు. పెద్దాయన దాని ఒక కొస నోట్లో పెట్టుకుని, ఇంకో కొస వేలితో మూసి గట్టిగా పీల్చాడు. పైపు చప్పిడి అయిపోయింది. "లోపల ఖాళీకి ఇలా అతుక్కుపోద్ది. దారం పేనింది తేరా" అని మళ్లీ పంపించాడు. ఇలాంటివి ఏ వీడియోలోనూ చూళ్లేదు నేను.

కొత్త పైపు పడ్డాక నూటికి డెబ్బై పాళ్లు బాగుపడింది. ఇంకా చిన్న తడబాటు ఉంది. నేనైతే అక్కడితో ఆపేసేవాణ్ణి. ఆయన వాటర్ బాటిల్ మూతకి గుండుసూదితో కన్నం పెట్టి, సన్నటి ధారగా నీళ్లు ఒక్కోచోట కొట్టాడు. నా క్లీనర్ డబ్బా చేసిన పనే, మంట భయం లేకుండా. కార్బురేటర్ అడుగున నీళ్లు పడగానే ఇంజిన్ గొంతు ఒక్క క్షణం మారింది. అక్కడ ఆపి, కార్బురేటర్ దించాడు. దానికీ మానిఫోల్డుకీ మధ్య వేడి పైకెక్కకుండా ఓ మందపాటి ముక్క ఉంటుంది. ఎవరో బోల్టులు మరీ బిగించేసి దాన్ని వంచేశారు. అద్దం ముక్క మీద ఎమరీ కాగితం పరిచి, దాని మీద ఆ ముక్కని ఎనిమిది అంకెలా రుద్దడం మొదలుపెట్టాడు. అరగంట. తర్వాత షీటు మీద చిన్న సుత్తితో అంచుల వెంట కొట్టి, రెండు కొత్త ప్యాకింగులు కోశాడు. ఈ అరగంటలో ఆయన మాతో ఒక్క మాట మాట్లాడలేదు, మావయ్య కూడా ఫోన్ తియ్యలేదు.

అంతా బిగించి స్టార్ట్ చేస్తే, ఇంజిన్ గయ్యిమని అరిచింది. నేను కంగారుపడ్డాను. ఆయన నవ్వాడు. ఇన్నేళ్లలో చెయ్యి పెట్టిన ప్రతివాడూ, బండి ఆగిపోకుండా ఉండటానికి స్లో స్క్రూ కాస్త కాస్త తిప్పుకుంటూ పోయారు. రోగం పోయింది, మందు మిగిలింది. మా కోడ్‌లో కూడా ఇంతే, అసలు తప్పు సరిచేసిన రోజే పాత ప్యాచులన్నీ బయటపడతాయి. రెండు స్క్రూలూ మొదటికి తెచ్చి, చెవితోనే సర్దాడు. వాక్యూమ్ గేజ్ ఉంటే బాగుండేది కదా అన్నాను. సముద్ర మట్టం దగ్గర మంచి ఇంజిన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాలు చూపించాలి, వెయ్యి అడుగులు పైకెళ్తే ఓ అంగుళం తగ్గుతుంది, హైదరాబాద్‌లో అయితే దాదాపు రెండు తగ్గించి చూసుకోవాలి అని నాకు తెలిసింది చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "మనకి ఆ ఇబ్బంది లేదండి. సముద్రం పక్కనే ఉంది" అన్నాడు.

పైపు, షీటు, కూలి కలిపి 1,150. మావయ్య 1,500 ఇచ్చి చిల్లర వద్దన్నాడు. పెద్దాయన లెక్కపెట్టి 350 వెనక్కి ఇచ్చాడు. బండి కదులుతుంటే కిటికీ దగ్గరకొచ్చి, "కాయలెయ్యకండి దీన్లో ఇంక. మనుషుల్ని ఎక్కించుకోండి" అన్నాడు.

మలికిపురం దాటాక మావయ్య చెప్పకుండానే కేశనపల్లి వైపు తిప్పాడు. పెద్దాయన అన్న శంకరగుప్తం డ్రైన్ అక్కడిదే. పొలాల మురుగు సముద్రంలోకి తీసుకెళ్లాల్సిన కాలువ. పోటు వచ్చినప్పుడు సముద్రమే దాంట్లో వెనక్కి ఎక్కి, కొబ్బరితోటల్లోకి ఉప్పునీరు నింపుతోంది. నేను ఫోటోల్లో చూశాను, ఎదురుగా చూడటం వేరు. మానులు నిలబడే ఉన్నాయి, మొవ్వులు లేవు. కరెంటు స్తంభాల తోటలా ఉంది. 1996 నవంబరు తుఫాను చెట్లని ఒక్క రాత్రిలో పడగొట్టింది. ఇది నిలబెట్టే చంపుతోంది. ఒక రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మా బండి చూసి, కాయలు కొనడానికొచ్చామనుకుని లేచాడు. కాదని తెలిసి మళ్లీ కూర్చున్నాడు. ఇంజిన్ ఆపకుండానే అక్కడ కాసేపు ఉన్నాం, అది ఆగలేదు కూడా. ఆ చెట్ల మధ్య ఆ సంగతికి సంతోషపడబుద్ధి కాలేదు.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం తొందరగానే అయ్యింది. మాఘంలో కల్యాణం, అప్పుడు ఇసక వేస్తే రాలదు. ఇప్పుడు ఖాళీ. 2020 సెప్టెంబరులో కాలిపోయిన రథం స్థానంలో చేసిన కొత్త రథం చూశాం. అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడ్డాం. మావయ్య ప్యాంటు మడిచి నీళ్లలో దిగాడు. నేను వెనక్కి తిరిగి బండి వంక చూస్తున్నాను, స్లోలో వదిలి వచ్చాం కదా. వినాయకుడు మా వైపే తిరిగి ఉన్నాడు.

సఖినేటిపల్లి రేవు దగ్గరకొచ్చేసరికి సాయంత్రం. పంటు అంటే తెలియనివాళ్లకి, బళ్లని, మనుషుల్ని కలిపి ఏరు దాటించే వెడల్పాటి పడవ. రేవు ఏటవాలుగా దిగుతుంది, చివర్లో పలకల మీదుగా పంటులోకి ఎక్కాలి. ఎక్కాక మరీ ముందుకి పోతే గోదారి. యాక్సిలరేటర్ తొక్కితే లాభం లేదు, ఇంజిన్ స్లోలో, క్లచ్ మీద నత్తలా పాకాలి, చెప్పినచోట టక్కున ఆగాలి. అంటే మా బండి ఇన్నాళ్లూ చెయ్యలేని రెండు పనులూ ఒకేసారి చెయ్యాలి.

ముందు నాలుగు బైకులు ఎక్కాయి, ఓ ఆటో ఎక్కింది. మా వంతు. మావయ్య కిటికీ అద్దం దించాడు, ఎందుకో చెప్పులు కూడా విప్పేశాడు. రేవు దిగాం. పలకలు టకటకమన్నాయి. పంటు కుర్రాడు "రండి, రండి, రండి" అంటూ వెనక్కి నడుస్తున్నాడు, అతని వెనక ఓ గజం తర్వాత నీళ్లు. "ఆపండి!" అన్నాడు. మావయ్య పాదం అలా ఆనించాడంతే. బండి ఆగింది. ఇంజిన్ ఆగలేదు.

మధ్య గోదారిలో పంటు ఇంజిన్ డబడబమంటోంది, నరసాపురం దీపాలు ఒక్కోటీ వెలుగుతున్నాయి. మావయ్యకి ఫోన్ వచ్చింది. తుక్కాయన. ఆదివారం రమ్మంటారా అని అడుగుతున్నాడు. "ఊళ్లో లేనండి" అన్నాడు మావయ్య. ఎప్పుడొస్తారని అడిగినట్టున్నాడు. "చెప్తానండి" అని పెట్టేశాడు.

అవతలి రేవులో తాళం తిప్పగానే అంటుకుంది, చోక్ లేకుండా. దిగడానికి మా ముందు బైకులు కదలాలి, స్లోలో పెట్టి కూర్చున్నాం. మావయ్య తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. మొహం చిట్లించాడు.

"ఏంట్రా అల్లుడూ, ఏదో టిక్కు టిక్కుమంటోంది?"

"ట్యాపెట్లు మావయ్యా."

"కొత్తగా మొదలైందా?"

"లేదు. ఎప్పట్నుంచో ఉండుంటుంది. ఇప్పుడు వినపడుతోంది."